ఆ పసుపు పళ్ల పిల్ల మా ఇంట్లోనే ఉంది

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో పళ్ల శుభ్రత గురించి వేసిన బొమ్మ చూసి రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగైంది, చోటు సరిపోకపోతే ఎక్కడ కావాలంటే అక్కడ కోసేయండి, ఆరేళ్ల దవడ పన్ను గురించి రాసిన ముక్క ఒక్కటి మాత్రం ఉంచండి. బొమ్మలో ఇద్దరు పిల్లలున్నారు. ఒకరి పళ్లు తళతళలాడుతున్నాయి, పక్కన ‘మంచి అలవాట్లు’ అని రాసి ఉంది. రెండో పిల్ల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు, నోటి చుట్టూ రెండు ఈగలు, కింద ‘బద్ధకం’ అని పేరు. వేసినవాళ్లకి చెడు ఉద్దేశం ఉందని నేననను. మేమందరం చిన్నప్పుడు ఇలాంటి బొమ్మలే చూసి పెరిగాం, తెల్లగా ఉంటే శుభ్రం, పచ్చగా ఉంటే పాచి అని బుర్రలో ముద్ర వేసుకుని.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఆదివారం పేపరు రాగానే ఆ పేజీ తనది, ఇంకెవరూ ముట్టుకోకూడదు. నేల మీద బోర్లా పడుకుని పజిల్ పూర్తయ్యేదాకా లేవదు. ఆ రోజు పజిల్ సగంలోనే వదిలేసి పేజీని తిరగేసి పెట్టి వెళ్లిపోయింది. ఏమైందే అంటే ఏం లేదంది. మధ్యాహ్నం పేపర్లు సర్దుతూ చూద్దును కదా, ఆ రెండో పిల్ల నోటి దగ్గర కాగితం చిరిగిపోయి ఉంది. పెన్సిల్ రబ్బరు పెట్టి ఆ మచ్చల్ని రుద్ది రుద్ది చెరపబోయింది. అచ్చు వేసిన రంగు రబ్బరుకి పోతుందా? కాగితం పోయింది, అంతే.

ఆ మచ్చలు మా అమ్మాయికీ ఉన్నాయి. పై ముందు పళ్లలో ఒకదాని మీద సుద్ద ముక్కతో గీసినట్టు తెల్లటి మచ్చ, కింద దవడ పళ్లు రెండింటి మీద పసుపూ గోధుమా కలిసిన మచ్చలు. రోజుకి రెండుసార్లు తోముకుంటుంది, ఒక్కోసారి నాకంటే శ్రద్ధగా. అయినా ఆ మచ్చలు పోవు, పోయేవి కావు. ఎందుకో నాకూ రెండేళ్ల క్రితం దాకా తెలియదు, తెలియక నేను చేసిన పనులు చెబితేనే ఈ ఉత్తరానికి అర్థం ఉంటుంది కాబట్టి చెబుతాను.

ఆరేళ్లు నిండిన కొత్తలో పిల్ల నోట్లో చివరి పాలపన్ను వెనకాల చిగురు ఉబ్బి ఒక పెద్ద పన్ను మొలిచింది. దానికి ముందు ఏ పన్నూ ఊడలేదు. ఏదీ ఊడకుండా వచ్చింది కదా, ఇదీ పాలపన్నే అయి ఉంటుంది, ఎప్పుడో ఊడిపోతుంది అనుకున్నాను. ఇది నా ఒక్కదాని పొరపాటు కాదు, అడిగి చూస్తే నాకు తెలిసిన తల్లులు చాలామంది అలాగే అనుకున్నారట. అసలు సంగతేమిటంటే అది మొదటి శాశ్వత దవడ పన్ను, అది ఊడితే మళ్లీ వచ్చేది ఉండదు. సరే, మా అమ్మాయికి అది వస్తూ వస్తూనే పసుపు పచ్చగా వచ్చింది. పాచి అనుకుని వేలికి తడిగుడ్డ చుట్టి రుద్దాను. పోలేదు. కుచ్చు గట్టిగా ఉన్న బ్రష్ తెచ్చి రుద్దాను. పిల్ల “అమ్మా, జివ్వుమంటోంది, అక్కడొద్దు” అని తల పక్కకి తిప్పేసుకునేది. తోముకోవడం ఇష్టం లేక నాటకాలు అనుకున్నాను. తర్వాత కొన్నాళ్లకి గొడవ తగ్గింది, తనే వెళ్లి తోముకొచ్చేస్తోందని మురిసిపోయాను కూడా. ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే బ్రష్‌ని కుళాయి కింద తడిపి, పేస్టు కాస్త నాలుకకి రాసుకుని, నోరు కడుక్కుని వచ్చేస్తోంది. వాసన చూసేదాన్ని నేనే కదా, వాసన వచ్చేలా ఏర్పాటు చేసుకుంది. ఆ రోజు ఒక దెబ్బ వేశాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఉమ్మిన నీళ్లలో ఇసుక రేణువు లాంటిది పడింది. చూస్తే ఆ పన్ను ఒక మూల చిట్లి ఉంది. మొదట చూపించిన డాక్టరు నోరు తెరిపించి, రెండు క్షణాలు చూసి, “సరిగ్గా తోమడం లేదు, తీపి మాన్పించండి” అన్నారు. నేను పిల్ల వైపు ‘చూశావా’ అన్నట్టు చూశాను. ఆ చూపు తనకింకా గుర్తుంది, ఈమధ్యే అడిగింది. నొప్పి ఎక్కువైతే ఇంకో చోటికి, పిల్లల పళ్లు మాత్రమే చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ గాలి కొట్టే పైపు పక్కన పెట్టి దూదితో మెల్లగా తడి తుడిచి చూశారు. నన్ను రెండే అడిగారు. చల్లటి నీళ్లతో పుక్కిలిస్తే ఏడుస్తుందా? మూడేళ్ల లోపు పెద్ద జ్వరాలేమైనా వచ్చాయా? రెండింటికీ అవునన్నాను. అప్పుడావిడ నాతో కాదు, పిల్లతో అన్నారు: “ఈ పన్ను బయటికొచ్చేటప్పటికే ఇలా ఉంది నాన్నా. నువ్వు తోమక రాలేదు.” పిల్ల నోరు తెరుచుకునే ఉంది, మాట్లాడలేదు, కళ్లు మాత్రం నా వైపు తిప్పింది.

ఇక విషయానికొస్తాను. పన్ను పైన ఉండే ఎనామిల్ మన ఒంట్లో అన్నిటికంటే గట్టి పదార్థం, బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కానీ దానికొక పెద్ద లోటుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే పూడుతుంది, ఎనామిల్ పోతే మళ్లీ రాదు. దాన్ని తయారు చేసే కణాలు పన్ను చిగురులోంచి బయటికి వచ్చేసరికే పని ముగించుకుని పోతాయి. అంటే చిగురు లోపల ఉన్నప్పుడు ఏం తయారైతే అదే జీవితాంతం. మొదటి శాశ్వత దవడ పన్ను బయటికొచ్చేది ఆరేళ్లకి, కానీ దానికి ఎనామిల్ పోయడం మొదలయ్యేది పిల్ల పుట్టే రోజుల్లోనే, మూడేళ్లు వచ్చేసరికి పైభాగం మొత్తం సిద్ధం. పై ముందు పళ్లది పుట్టిన మూడు నాలుగు నెలలకి మొదలై నాలుగైదేళ్లకి పూర్తవుతుంది. పన్ను అలా లోపల తయారయ్యే రోజుల్లో ఆ కణాలకి ఏ ఇబ్బంది కలిగినా ఆ చోట ఎనామిల్ పలచబడుతుంది, లేదా మందంగానే ఉండి లోపల ఖనిజం సరిగ్గా పట్టక సుద్దలా, బొరియలు బొరియలుగా ఉండిపోతుంది. ఇంకో విచిత్రం, పుట్టిన రోజు కూడా పన్నులో అచ్చవుతుంది. పుట్టుక అనేది బిడ్డకి ఎంత కుదుపో, పాలపళ్ల ఎనామిల్‌లో ఆ రోజు దగ్గర ఒక సన్నటి గీత పడుతుంది, మైక్రోస్కోపులో చూస్తే కనిపిస్తుంది. ఇది తెలిసినప్పుడు నేను చాలాసేపు వేరే పని చేయలేకపోయాను.

దవడ పళ్ల మీద, వాటితో పాటు చాలాసార్లు ముందు పళ్ల మీద ఇలా గట్లు కట్టినట్టు విడి విడి మచ్చలు రావడాన్ని డాక్టర్లు మోలార్ ఇన్సిజర్ హైపోమినరలైజేషన్ అంటారు, నోరు తిరగదు కాబట్టి ఎమ్‌ఐహెచ్ అంటారు. ఈ పేరు పెట్టింది 2001లో, అంటే మా తరం పిల్లలుగా ఉన్నప్పుడు దీనికి పేరు కూడా లేదు, ఉన్నవాళ్లందరూ ‘తోముకోని పిల్లలే’. ప్రపంచం మొత్తం మీద జరిగిన సర్వేలన్నీ కలిపి లెక్కేస్తే పిల్లల్లో 13, 14 శాతం మందికి ఎంతో కొంత ఉంటోంది. నలభై మంది ఉన్న తరగతిలో ఐదారుగురన్నమాట. అందరికీ మా అమ్మాయికున్నంత ఉండదు, చాలామందికి చిన్న మచ్చతో సరిపోతుంది. కొందరికి మాత్రం పన్ను నములుతుంటేనే పెళుసు కట్టి రాలుతుంది, చలి గాలి తగిలినా ప్రాణం పోతుంది. ఒకే నోట్లో కుడి పన్ను బాగుండి ఎడమది చెడి ఉండొచ్చు, అందుకే చూసినవాళ్లకి ‘అటువైపు తోమడం లేదు’ అనిపిస్తుంది.

కారణం ఇదీ అని ఒక్కటి తేలలేదు. కాన్పులో ఇబ్బందులు, నెలలు నిండకుండా పుట్టడం, మొదటి మూడేళ్లలో పదే పదే జ్వరాలు, చెవి ఇన్ఫెక్షన్లు, ఊపిరితిత్తుల జబ్బులు, వంశం నుంచి వచ్చే ధోరణి, ఇవన్నీ కలిసి పనిచేస్తాయంటారు. జ్వరాలకి వాడిన యాంటీబయాటిక్స్ మీద కూడా అనుమానం ఉంది, కానీ చెడగొట్టింది జ్వరమా మందా అన్నది విడదీయడం కష్టం. ఇది చదివి ఏ తల్లీ పాత మందుల చీటీలు తీసి కూర్చోవద్దు. నేను కూర్చున్నాను, రెండు రాత్రులు. ఏం లాభం? జ్వరంతో కాలిపోతున్న బిడ్డకి మందు వేయకుండా ఎలా ఉంటాం. పిల్ల మీద వేసిన నింద తీసి నా మీద వేసుకున్నంత మాత్రాన పన్ను బాగుపడదని డాక్టరమ్మే గట్టిగా చెప్పారు.

మచ్చలన్నీ ఇవే కావు. ఎదిగే వయసులో, సుమారు ఎనిమిదేళ్ల లోపు, నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదు మించితే వచ్చే ఫ్లోరోసిస్ వేరు, అది అటూ ఇటూ ఒకేలా, చాలా పళ్ల మీద పొగ కమ్మినట్టు, అడ్డగీతలుగా ఉంటుంది, ముదిరితే గోధుమ రంగుకి తిరుగుతుంది. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్లో పిల్లల పళ్లకి అలాంటి గోధుమ మచ్చలు ఎందుకున్నాయో తెలుసుకోవాలని 1901లో అక్కడికొచ్చిన మెకే అనే దంతవైద్యుడు వెంటపడితే, నీళ్లలో ఫ్లోరైడే కారణమని తేలేసరికి 1931 వచ్చింది. ఆ మధ్యలోనే ఆయన గమనించిన ఇంకో సంగతి, ఆ మచ్చల పళ్లు మామూలు పళ్లకంటే తక్కువ పుచ్చుతున్నాయి. రంగు చూసి శుభ్రత లెక్కగట్టేవాళ్లు ఈ ఒక్కటి గుర్తు పెట్టుకుంటే చాలు. ఇంకొకటి, పాలపన్ను బాగా పుచ్చి వేరు దాకా చీము పట్టినా, కిందపడి దెబ్బ తగిలి లోపలికి గుచ్చుకున్నా, దాని కింద తయారవుతున్న శాశ్వత పన్నుకి మచ్చో గుంటో పడుతుంది. దాన్ని టర్నర్ పన్ను అంటారు, సాధారణంగా ఆ ఒక్క పన్నే అలా ఉంటుంది. ‘ఎలాగూ ఊడిపోయే పాలపళ్లే కదా’ అనే మాట ఎంత తప్పో ఇక్కడ తెలుస్తుంది. ఇవి కాక వంశపారంపర్యంగా పళ్లన్నిటికీ ఎనామిల్ సరిగ్గా రాని జబ్బు ఒకటుంది, అరుదు. చివరగా, నిజంగానే తోమకపోవడం వల్ల వచ్చే తెల్ల మచ్చ కూడా ఉంది, అది ఎక్కువగా చిగురు అంచు వెంబడి, పాచి పేరుకునే చోట వస్తుంది. ఇంట్లో చూసి తేల్చేయమని కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లేముందు తిట్టు నాలిక చివరకొస్తే ఆగడానికి ఇంత తెలిస్తే పనికొస్తుందని.

మీ బొమ్మలో ఇంకో చిక్కు. ఏ లోపం లేని పిల్లకైనా ఏడెనిమిదేళ్లకి కొత్తగా వచ్చే ముందు పళ్లు పక్కనున్న పాలపళ్ల కంటే పచ్చగానే కనిపిస్తాయి. శాశ్వత పళ్లలో ఎనామిల్ కింద ఉండే డెంటిన్ పొర రంగు పచ్చన, ఎనామిల్ గుండా అది కనిపిస్తుంది. అంచులు కూడా రంపంలా ఉంటాయి కొత్తలో, అది చూసి కూడా కంగారు పడే అమ్మమ్మలున్నారు. కాగితంలా తెల్లగా ఉండే పళ్లు బొమ్మల్లోనూ ప్రకటనల్లోనూ తప్ప పిల్లల నోళ్లలో ఉండవు, అలా లేనందుకు ఎనిమిదేళ్ల పిల్ల అద్దం ముందు నిలబడి నవ్వు మానేయడం నేను కళ్లారా చూశాను. ఫొటో తీస్తే పెదాలు బిగించేస్తుంది. తరగతిలో నవ్వొస్తే పుస్తకం అడ్డం పెట్టుకుంటుందని వాళ్ల టీచరు చెప్పింది, అదేదో మర్యాద అనుకుని మెచ్చుకుందట పాపం.

ఇప్పుడు అసలు నేను చెప్పాలనుకున్నది. పిల్లలకి పళ్ల శుభ్రత మీద ‘అవగాహన’ లేదు, ‘అవగాహన కల్పించాలి’ అని అందరూ రాస్తారు, మీ పేజీలోనూ అదే మాట ఉంది. మా అమ్మాయికి అవగాహనకి ఏం తక్కువ? రోజుకి ఎన్నిసార్లు తోమాలి, ఎన్ని నిమిషాలు తోమాలి, బ్రష్ ఎన్ని నెలలకి మార్చాలి, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, స్కూల్లో అడిగిన కాగితంలో అన్నిటికీ టిక్కులు పెట్టి పూర్తి మార్కులు తెచ్చుకుంది, అది కూడా కుళాయి కింద బ్రష్ తడిపి వచ్చేస్తున్న రోజుల్లోనే. పిల్లలు అలాంటి కాగితాల మీద టీచరుకి ఏం కావాలో అది రాస్తారు. తెలియడం వేరు, తోముకోవాలనిపించడం వేరు. బ్రష్ తగిలిన ప్రతిసారీ పన్ను జివ్వుమంటే, నొప్పి అని చెబితే నమ్మకపోతే, ఎంత తోమినా ‘ఇంకా పచ్చగానే ఉంది’ అంటే, ఏ పిల్లకి ఆ పని మీద మంచి అభిప్రాయం ఉంటుంది? పెద్దవాళ్లం మనమే అయితే ఉంటుందా? నొప్పికి భయపడి అక్కడ తోమదు, తోమకపోతే ఆ బొరియల పన్ను మీద పాచి పేరుకుని మామూలు పన్నుకంటే తొందరగా పుచ్చుతుంది, పుచ్చితే మళ్లీ ‘తోమలేదు కాబట్టే’ అంటాం. చివరికి మనం అన్నదే నిజమైపోతుంది, మొదట అన్నప్పుడు అది అబద్ధం అయినా సరే.

డాక్టర్ల దగ్గర కూడా ఇదే వరస. స్వీడన్‌లో 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఈ ఎమ్‌ఐహెచ్ తీవ్రంగా ఉన్న పిల్లలు తొమ్మిదేళ్లు వచ్చేసరికి మొదటి దవడ పళ్లకి మిగతా పిల్లలకంటే దాదాపు పది రెట్లు ఎక్కువ చికిత్స చేయించుకున్నారని తేలింది, కుర్చీ ఎక్కాలంటే భయం, మొండికేయడం కూడా వాళ్లలోనే ఎక్కువ. ఆ భయం ఊరికే రాలేదు. ఈ పళ్లలో నరం ఎప్పుడూ రేగి ఉండటం వల్ల మత్తు సూది ఒక్కోసారి సరిగ్గా పట్టదు. పిల్ల నొప్పి అంటుంది, ‘సూది వేశాంగా, నొప్పి ఉండదు’ అంటారు. ఇంట్లో నమ్మరు, కుర్చీలోనూ నమ్మరు. మా డాక్టరమ్మ మొదటి రోజు ఏ పనీ చేయలేదు. ఎడమ చెయ్యి పైకెత్తితే ఆపేస్తానని మాటిచ్చి, ఊరికే అద్దం పెట్టి పళ్లు లెక్కబెట్టారు, పిల్ల పరీక్ష కోసమే మూడుసార్లు చెయ్యెత్తింది, మూడుసార్లూ ఆపేశారు. తర్వాతి వారం తనే వెళ్లి కుర్చీ ఎక్కింది. ఆ మూడుసార్లు ఆగినందుకు ఆవిడకి పోయింది ఎంతని, ఒక నిమిషం.

ఇంట్లో మేం మార్చినవి పెద్ద విద్యలేం కావు. చన్నీళ్లు మానేసి గోరువెచ్చని నీళ్లు పెట్టాను. మెత్తటి కుచ్చు ఉన్న చిన్న తల బ్రష్. పేస్టులో ఫ్లోరైడ్ కనీసం 1000 పీపీఎం (అంటే పది లక్షల పాళ్లలో వెయ్యి) ఉండాలట, పెట్టె వెనకాల రాసి ఉంటుంది, పిల్లల పేస్టని బొమ్మ వేసి అమ్మేవాటిలో అన్నిటికీ అంత ఉండదు. మూడేళ్ల లోపు పిల్లలకి బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠానీ గింజంత చాలు, ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడుగూతా వేస్తే మింగేస్తారు, మింగడం మంచిది కాదు. అయ్యాక ఉమ్మేయాలి కానీ గ్లాసుల కొద్దీ నీళ్లతో పుక్కిలించేయకూడదు, పుక్కిలిస్తే పన్నుని కాపాడాల్సిన ఫ్లోరైడ్ అంతా కొట్టుకుపోతుంది. ఇది విని నాకు నమ్మకం కుదరలేదు, పుక్కిలించకపోతే అదేం శుభ్రం అనిపించింది, ఇప్పటికీ నా చెయ్యి నీళ్ల కోసం వెళుతుంది. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల చేతులకి వెనక పళ్లు తోమే నేర్పు ఉండదు కాబట్టి రాత్రి పూట నేనే, తన వెనక నిలబడి, తల నా పొట్టకి ఆనించి తోమేదాన్ని. ఆ మచ్చల పళ్ల దగ్గరికొచ్చినప్పుడు తను అంకెలు లెక్కపెడుతుంది, పది అనగానే ఆపాలి. పదకొండు తోమితే నా మాట మీద నమ్మకం పోతుంది, అందుకని తొమ్మిదికే ఆపుతాను. ఇప్పుడు తనే తోముకుంటోంది కానీ ఆ లెక్క మాత్రం పైకి వినిపిస్తూనే ఉంటుంది.

డాక్టరమ్మ ఒక పన్నుకి ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, పైన సిమెంటు లాంటి గ్లాస్ అయానమర్ పెట్టారు. చిట్లిన రెండోదానికి స్టీలు క్యాప్ వేశారు. మరీ పాడైన పళ్లయితే ఎనిమిది, పదేళ్ల మధ్య సరైన సమయం చూసి తీసేస్తారట, అప్పుడు వెనక వచ్చే పన్ను ముందుకి జరిగి ఆ ఖాళీ పూడుస్తుందని, అన్ని నోళ్లలోనూ కుదరదు, ఎక్స్‌రే చూసి తేల్చాలి అన్నారు. ముందు పన్ను మచ్చ సంగతి పెద్దయ్యాక చూద్దామన్నారు. ఈ లోపు బొగ్గు పొడులు, గరుకు పొడులు, పుల్లటివి పెట్టి రుద్దడాలు వద్దని చెప్పారు, ఎందుకంటే మచ్చ పైన లేదు, ఎనామిల్ లోపల ఉంది, రుద్దితే పోయేది మచ్చ కాదు పన్ను.

ఆరేళ్ల పన్ను ముక్క ఇదే, కోయవద్దని అడిగింది. పిల్లకి ఐదున్నర దాటాక నెలకోసారి వెలుతుర్లో నోరు తెరిపించి చివరి పాలపన్ను వెనకాల చూడండి, కింద రెండు, పైన రెండు, నాలుగు వస్తాయి. వచ్చేటప్పుడే తెలుపు, పసుపు, గోధుమ మచ్చ ఉన్నా, చల్లటి నీళ్లు తగిలితే ఏడ్చినా, గట్టిగా తోమడం కాదు చేయాల్సింది, చూపించడం. చిట్లకముందు చూపిస్తే పూతతో పోయేది చిట్లాక క్యాపు దాకా వస్తుంది. అంతకంటే ముందే ఒక జాడ దొరకొచ్చు, రెండు మూడేళ్లకి వచ్చే చివరి పాల దవడ పళ్ల మీద ఇలాంటి మచ్చలుంటే శాశ్వత పళ్ల మీద కూడా వచ్చే అవకాశం ఎక్కువట. మా పిల్లకి ఉన్నాయో లేదో నేను చూడనే లేదు.

స్కూళ్ల గురించి ఒక్క మాట. సోమవారం ప్రేయర్ అయ్యాక గోళ్లు, పళ్లు చూసి పేర్లు రాసే అలవాటు మా అమ్మాయి చదివే చోట ఉంది. వరుసలో నిలబెట్టి ‘ఈ’ అనమంటారు, అందరి ముందూ. వెళ్లి చెబితే ఇప్పుడు మా అమ్మాయిని వదిలేస్తున్నారు, అదీ తనకి నచ్చలేదు, ‘నన్నొక్కదాన్నే ఎందుకు చూడరని అందరూ అడుగుతున్నారమ్మా’ అంటుంది. చూడటం మంచిదే, పుచ్చు పళ్లు తక్కువేం లేవు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో పాలపళ్లు పుచ్చిన పిల్లలు 51 కోట్లకి పైగా ఉన్నారని రాశారు. కానీ వరుసలో నిలబెట్టి రంగు చూడటం కాకుండా, పక్కకి పిలిచి ‘తోముకుంటుంటే ఎక్కడైనా నొప్పి పెడుతుందా’ అని ఒక్కటి అడిగితే దాచిపెట్టే పిల్లలు బయటపడతారు. నన్ను ఎవరైనా అలా అడగమని ముందే చెప్పి ఉంటే ఏడాది పాటు ఆ కుళాయి నాటకం జరిగేది కాదు.

మీరు ఆ బొమ్మ వేసినందుకు క్షమాపణ అడగడం లేదు. పిల్లల పేజీలో మళ్లీ పళ్ల గురించి వేసేటప్పుడు ఈగలు తీసేయండి, పళ్లకి మచ్చలున్న పిల్ల కూడా తోముకుంటున్నట్టు వేయండి. వీలైతే పిల్లల దంతవైద్యులెవరి చేతనైనా ఒక వారం ఈ ఎనామిల్ లోపాల గురించి రాయించండి, పెద్దల పేజీలో, తిట్టేది మేమే కాబట్టి.

ఈ ఉత్తరం రాస్తున్నానని తెలిసి మా అమ్మాయి బొమ్మ తనే మళ్లీ వేసింది, దీంతో పాటు పంపుతున్నాను. ఇద్దరు పిల్లలూ ఉన్నారు. పళ్లు ఎవరివి ఏ రంగో తెలియదు, ఇద్దరి నోళ్లలోనూ బ్రష్షులు, నురగే ఉంది. రెండో పిల్ల నోటి పక్కన ఒక బాణం గుర్తు పెట్టి ‘ఇక్కడ స్టీలు పన్ను ఉంది’ అని రాసింది. అచ్చు వేసినా వేయకపోయినా చూశాక తిరిగి పంపించాలట, తన షరతు.

ఇట్లు,
మీ పాఠకురాలు